షాపుకి, ఆఫీసుకి అడిషనల్ లోడ్ అప్లికేషన్ ఎలా పెట్టాలి, జనరేటర్ పెట్టేముందు ఏం చూసుకోవాలి

ఎండలు ముదిరి కరెంటు పోయిందంటే అందరం ముందు లైన్‌మెన్‌కే ఫోన్ చేస్తాం, కానీ చాలాసార్లు మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పోడానికి కారణం మనమే, కనెక్షన్ తీసుకున్నప్పుడు రెండు కిలోవాట్లు రాయించుకుని ఆ తర్వాత ఏసీ, జిరాక్స్ మిషన్, ఫ్రిజ్ ఒక్కోటీ తెచ్చి పెట్టుకుంటూ పోతాం, లోడ్ మాత్రం పెంచుకోం. వీధిలో అందరూ అదే పని చేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద నిజంగా ఎంత భారం పడుతోందో డిపార్ట్‌మెంట్ లెక్కల్లోకే రాదు. అందుకే ఇన్వర్టర్ కొనకముందే లోడ్ పెంచమని అప్లికేషన్ పెట్టండి, అదీ ఫిబ్రవరి, మార్చిలోనే.

ముందు కరెంటు బిల్లు తీయండి, అందులో కాంట్రాక్టెడ్ లోడ్ అని, అంటే మీరు రాయించుకున్న లోడ్, కిలోవాట్లలో ఉంటుంది. తర్వాత ప్రతి మిషన్ వెనకాల స్టిక్కర్ మీద ఎన్ని వాట్లు ఉందో పేపర్ మీద రాసుకోండి. మా నెట్ సెంటర్‌లో రాస్తే ఆరు కంప్యూటర్లకి 900, ఒకటిన్నర టన్ను ఏసీకి 1700, జిరాక్స్‌కి 1400, లైట్లు ఫ్యాన్లు కలిపి 400, మొత్తం 4400 వాట్లు అంటే 4.4 కిలోవాట్లు వచ్చింది, బిల్లులో చూస్తే 2 ఉంది. మోటార్ ఉంటే హార్స్ పవర్‌ని 746తో గుణించండి, వాట్లు వస్తాయి.

అప్లికేషన్ మీ డిస్కం (మీకు కరెంటు సరఫరా చేసే కంపెనీ) వెబ్‌సైట్‌లో గానీ కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ పెట్టొచ్చు. తెలంగాణలో టీజీఎస్పీడీసీఎల్, టీజీఎన్పీడీసీఎల్, ఆంధ్రాలో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్పీడీసీఎల్, ఏదన్నది బిల్లు మీదే ఉంటుంది. అడిషనల్ లోడ్ అని సెలెక్ట్ చేసి సర్వీస్ నంబర్, కావాల్సిన మొత్తం లోడ్ ఇవ్వాలి. ఆధార్, లేటెస్ట్ బిల్లు దగ్గర పెట్టుకోండి, పాత బకాయి ఉంటే ముందు కట్టేయండి. షాపు అద్దెదైతే ఓనర్ దగ్గర అభ్యంతరం లేదని లెటర్ రాయించుకోండి, ఎక్కువమందికి పని ఆగేది ఇక్కడే, మీటర్ ఓనర్ పేరు మీద ఉంటుంది, ఆయన ఇంకో ఊళ్ళో ఉంటాడు. సింగిల్ ఫేజ్ సరిపోకపోతే త్రీ ఫేజ్‌కి మార్చుకోవాలి, అప్పుడు లోపలి వైరింగ్ కూడా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో చేయించాలి.

పెట్టాక రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తారు, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. సెక్షన్ ఆఫీస్ నుంచి వచ్చి చూసుకుని ఎస్టిమేట్ వేస్తారు, డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, రసీదు లేకుండా ఎవరి చేతికీ డబ్బులు ఇవ్వొద్దు. 2024లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అప్లికేషన్ అన్ని కాగితాలతో కరెక్ట్‌గా ఉంటే మెట్రో సిటీల్లో 3 రోజులు, మిగతా మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజుల్లో అవ్వాలి, కొత్త లైను లేదా ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సి వస్తే ఇంకా టైం పడుతుంది. అదే పనిలో మొబైల్ నంబర్ కూడా అప్‌డేట్ చేయించుకోండి, మెయింటెనెన్స్ కోసం కరెంటు తీసేటప్పుడు ముందే మెసేజ్ వస్తే ఆ రోజు పనులు సర్దుకోవచ్చు.

ఇక జనరేటర్ సంగతి, దయచేసి ఇది మాత్రం పూర్తిగా చదవండి. మా బజార్లో ఒక షాపులో చిన్న పెట్రోల్ జనరేటర్‌కి రెండు చివర్లా ప్లగ్గులున్న వైరు తగిలించి గోడ సాకెట్‌లో పెట్టేశారు, మెయిన్ ఆఫ్ చేయలేదు. కరెంటు లేదు కదా అని లైన్‌మెన్ స్తంభం ఎక్కాడు, చెయ్యి పెట్టేముందు టెస్టర్ పెట్టి చూశాడు, లైట్ వెలిగింది. చూసుకున్నాడు కాబట్టి ఇంటికెళ్ళాడు. అలా జనరేటర్ నుంచి సాకెట్ ద్వారా వెనక్కి లైన్లోకి వెళ్ళిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు 11,000 వోల్టులు అవుతాయి. అందుకే చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్ స్టార్ట్ చేయొద్దు, అది లైనునీ జనరేటర్‌నీ ఒకేసారి కలవనివ్వదు, న్యూట్రల్ కూడా తెంపేది తీసుకోండి, త్రీ ఫేజ్ అయితే ఫోర్ పోల్, అంటే మూడు ఫేజులూ న్యూట్రల్ కలిపి నాలుగూ తెంపేది.

పెద్ద డీజిల్ సెట్ పెట్టాలంటే స్టార్ట్ చేయకముందే చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ డిపార్ట్‌మెంట్ అప్రూవల్ సంగతి చూసుకోవాలి, మీ కెపాసిటీకి ఏం కావాలో జిల్లా ఆఫీసులో అడిగి డ్రాయింగులు, టెస్ట్ రిపోర్టులు కాంట్రాక్టర్‌తోనే పెట్టించండి. శబ్దం ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు, పక్కన క్లినిక్కో స్కూలో ఉంటే ఇంకా ఆలోచించండి.

ఇన్వర్టర్ మీద లేజర్ ప్రింటర్ వేయొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగుతుంది. కంప్యూటర్లు, రౌటర్, ఒక లైటు చాలు. ఒక ఆదివారం మెయిన్ ఆఫ్ చేసి ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టుకుని చూడండి.

అప్లికేషన్ కదలకపోతే కరెంటు హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, అప్పటికీ కాకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి రాసివ్వండి, అక్కడా న్యాయం జరగకపోతే అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. పని అయిపోయాక వచ్చే బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ మారిందో లేదో తప్పకుండా చూసుకోండి.