ఇద్దర్లో ఒకరికి హెచ్ఐవీ ఉంటే రెండోవాళ్లకి సోకకుండా కాపురం చేయడం ఎలా

గల్ఫ్ మెడికల్‌లో ఒకాయనకి బయటపడుతుంది, కడుపుతో ఉన్నప్పుడు చేసే టెస్టుల్లో ఒకావిడకి బయటపడుతుంది, రెండోమనిషికి చూస్తే నెగటివ్. ఇంక ఆ రోజు నుంచి కంచం వేరు, పక్క వేరు, ఒక్కోసారి ఏకంగా పుట్టింటికి పంపేయడం. ఇవేవీ అక్కర్లేదండి. కలిసి తింటే, ఒకే బాత్రూం వాడితే, దోమ కుడితే హెచ్ఐవీ రాదు. భార్యాభర్తల మధ్య సోకేది సెక్స్ వల్ల, దాన్ని ఆపే దారి ఇప్పుడు గట్టిగానే ఉంది.

మొదట నెగటివ్ వచ్చినవాళ్ల సంగతి. వైరస్ ఎక్కిన కొత్తలో టెస్టులో కనపడకపోవచ్చు కాబట్టి మూడు నెలలకి మళ్లీ చేయించుకోవాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి, గవర్నమెంట్ హాస్పిటల్లో ఐసీటీసీ అని హెచ్ఐవీ టెస్టు చేసి సలహా చెప్పే సెంటర్ ఉంటుంది, అక్కడ ఫ్రీ. ఇన్నేళ్లు కలిసున్నా నాకు రాలేదు కదా ఇంక రాదులే అని మాత్రం అనుకోవద్దు. మందులు లేనప్పుడు కూడా ఒక్కసారి కలిస్తే సోకే అవకాశం చాలా తక్కువే, కానీ నెలలు ఏళ్లు గడిచేకొద్దీ ఆ రిస్క్ పోగవుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, పాజిటివ్ ఉన్నవాళ్లు వేసుకునే మందు. 2017 నుంచి మన దేశంలో సీడీ4 (రోగాలతో పోరాడే తెల్లరక్తకణాల లెక్క) ఎంతున్నా సరే పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఒకే బిళ్లలో, రోజుకొకటి, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఫ్రీ. ఈ బిళ్ల వేసుకునేవాళ్లనే కాదు, పక్కనున్న మనిషిని కూడా కాపాడుతుంది. చెన్నై, పుణెతో సహా తొమ్మిది దేశాల్లో జంటల మీద జరిగిన స్టడీలో, మందు ముందే మొదలుపెడితే రెండోవాళ్లకి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత యూరప్‌లో వైరస్ బాగా తగ్గిపోయిన జంటల్ని చూశారు, కండోమ్ లేకుండా సుమారు 58 వేల సార్లు కలిసినా భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదని 2016లో చెప్పారు.

కానీ దీనికి ఒక షరతుంది, అది చాలామందికి ఎవరూ చెప్పరు, నాకు బాధనిపించేది అదే. మందు వేసుకుంటున్నాను అంటే సరిపోదు, రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిందని రిపోర్టు రావాలి. దాన్నే వైరల్ లోడ్ టెస్ట్ అంటారు, మందు మొదలెట్టిన ఆరు నెలలకి, ఏడాదికి, తర్వాత ఏటా ఒకసారి చేస్తారు. బాగుందమ్మా వెళ్లు అంటే లేచి వచ్చేయకండి, ఎంత వచ్చిందో అంకె అడగండి, వీలైతే ఇద్దరూ కలిసే వెళ్లి అడగండి. టార్గెట్ నాట్ డిటెక్టెడ్, అంటే వైరస్ కనపడలేదు అని ఉంటే మంచి కబురే. వెయ్యి దాటితే మాత్రం బిళ్లలు మిస్సవుతున్నాయా, వేరే మందేదైనా అడ్డుపడుతోందా అని డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. గ్యాస్‌కి తాగే జెల్, ఐరన్, కాల్షియం బిళ్లల వల్ల డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు, అందుకే టీఎల్‌డీ వేసుకున్నాక రెండు గంటలాగి అవి వేసుకోండి. టీబీ మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, డోసు మార్చాల్సి వస్తుంది. పెళ్లికో జాతరకో ఊరెళ్లేటప్పుడు, చుట్టాలు చూస్తారని బిళ్లలు ఇంట్లో వదిలేసి వెళ్లడం చాలా ఇళ్లల్లో జరుగుతుంది, లేబుల్ లేని వేరే డబ్బాలో వేసుకుని తీసుకెళ్లండి గానీ మానొద్దు.

వైరస్ కనపడట్లేదని రిపోర్టు చేతికొచ్చేదాకా ప్రతిసారీ కండోమ్ వాడాలి, ఒకటి చాలు, రెండు వేస్తే రాసుకుని చిరుగుతాయి. కొబ్బరినూనె, వాజెలిన్ రాయకూడదు, రబ్బరు పాడైపోతుంది, నీటితో చేసిన జెల్లీ వాడండి. చిరిగిందా, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు, సోకకుండా వేసే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. నెగటివ్ ఉన్నవాళ్లు ముందు నుంచే రోజూ వేసుకునే ప్రెప్ అనే బిళ్ల కూడా ఉంది, మొదటి నెలల్లో భయంగా ఉంటే దాని గురించి డాక్టర్ని అడగండి. పుండ్లు, తెల్లబట్ట, మంట లాంటివి ఉంటే ఇద్దరూ చూపించుకోవాలి, సుఖవ్యాధులుంటే హెచ్ఐవీ తేలిగ్గా ఎక్కుతుంది.

పిల్లలు కావాలనుకుంటే వైరస్ కనపడకుండా అయ్యాక ప్లాన్ చేసుకోండి, ముందుగా ఏఆర్‌టీ సెంటర్లో చెప్పి. తల్లి పాజిటివ్ అయితే గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ మందు ఆపకూడదు, బిడ్డకి పుట్టగానే సిరప్ మొదలెడతారు, ఆరు వారాలకి మొదటి టెస్ట్, 18 నెలలకి ఆఖరిది.

ఇంకా ఇంట్లో చెప్పకుండా దాచినవాళ్లుంటే, ఒంటరిగా చెప్పలేకపోతే, ఐసీటీసీ కౌన్సిలర్ ముందు చెప్పొచ్చు, వాళ్లే మాట కలుపుతారు. భర్తకి తెలిస్తే కొడతాడేమో, గెంటేస్తాడేమో అని భయముంటే ఆ సంగతి కౌన్సిలర్‌కే ముందు చెప్పమ్మా, 2017 నాటి హెచ్ఐవీ చట్టం అలాంటి ఆడవాళ్ల విషయంలో భర్తకి తెలియజేయడానికి అడ్డుకట్ట వేసింది. హాస్పిటల్‌కి వెళ్లే ధైర్యం రాకపోతే ముందు 1097కి ఫోన్ చేయండి, అది ఫ్రీ.