అన్నం బెల్లు తర్వాత గోల ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

మాది కందుకూరు దగ్గర పల్లెటూరి హైస్కూలు. మధ్యాహ్నం మొదటి పీరియడు ఏడో తరగతికి నేనే, సోషల్. భోజనాలయ్యాక పిల్లలు కుదురుకోవడానికే పది నిమిషాలు పోయేవి. అరిచాను, బోర్డు మీద పేర్లు రాయించాను, నిలబెట్టాను, చాక్లెట్లు కూడా పంచాను. ఏదీ వారం దాటి పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇది. బెల్లు కొట్టకముందే వెళ్లి బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసేస్తాను. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ లోపలికి పంపుతాను. "ఏమ్మా, గుడ్డు తిన్నావా?" అంతే. కూర్చోగానే నోట్సు తీసి మూడు నిమిషాల్లో జవాబు రాయాలి. మార్కుల్లేవు, తప్పు రాసినా తిట్లు లేవు.

మొదటి రోజు ప్రశ్న: "2022లో కందుకూరు ఏ జిల్లా నుంచి ఏ జిల్లాలోకి మారింది?" ఎప్పుడూ వెనక బెంచీలో కునికే పిల్లాడు లేచి, "నెల్లూరే గానీ, మా నాయన ఆధార్‌లో ఇంకా ప్రకాశమే ఉంది సార్" అన్నాడు. పాఠం అక్కణ్నుంచే మొదలైంది.

నాలుగో రోజు నేనే ఆలస్యంగా వెళ్లాను. మళ్లీ చేపల మార్కెట్టే. కాబట్టి కిటుకు ప్రశ్నలో కంటే నేను ముందుగా వెళ్లడంలోనే ఉందేమో. మూడో వారానికి నేను చెప్పకుండానే నోట్సులు తెరుస్తున్నారు.

మా క్లాసులో ముప్పై రెండు మందే. అరవై మంది ఉన్నచోట గుమ్మం దగ్గర పలకరింపు కుదురుతుందని చెప్పలేను. పదో తరగతిలోనూ చేసి చూశాను, వాళ్లు నవ్వారు.