ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయే పాత మాసీ: పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

తాతగారి మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్‌ని నాయుడుపేట నుంచో వెంకటగిరి నుంచో లారీ మీద చెన్నైకి తెచ్చుకుని, రెడ్‌హిల్స్ వైపు ఏదో షెడ్డులో టింకరింగ్, పెయింటు, కొత్త టైర్లు అన్నీ అయ్యాక నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది, లోడు పడ్డాక గొంతు పట్టేసినట్టయి ఆగిపోతుంది, అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే." ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు పోయిందని అప్పటికే ఎవరో చెప్పేసి ఉంటారు. సగం మంది దాన్ని విప్పి కాలిబ్రేషన్‌కి, అంటే కొలతలు సరిచేయించడానికి, పంపేసి కూడా ఉంటారు.

ముందు ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి బాబూ. మూతకు గాలి ఆడే సన్న రంధ్రం ఉంటుంది, పెయింటర్ దాని మీద కూడా రంగు కొట్టేస్తాడు. గాలి లోపలికి పోకపోతే డీజిల్ బయటికి రాదు. మూత తీసినప్పుడు "సుయ్"మన్నదంటే సగం పని అయిపోయినట్టే, పిన్నుతో పొడిస్తే చాలు. ఆ తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇచ్చే చిన్న ఫీడ్ పంపు జాలీ, ఫిల్టర్ చూడండి. పైపులు బిగించేటప్పుడు పాత రాగి వాషర్లే మళ్లీ వేశారా? కొత్తవి వెయ్యండి. ట్యాంకు కంటే పైకెక్కే పైపులో సందుంటే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి దొరకదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఆగుతోందంటే, నన్ను ఏడిపించిన దొంగ అదే: ట్యాంకు లోపల ఊడిన తుప్పు పెచ్చు.

ఏళ్ల తరబడి ఖాళీగా పడున్న ట్యాంకు లోపల పైభాగమంతా తుప్పు పట్టి ఉంటుంది, లారీ కుదుపులకు పెచ్చులు ఊడతాయి. డీజిల్ ప్రవాహానికి పెచ్చు మెల్లగా కాక్ (ట్యాంకు అడుగున ఉండే కుళాయి) దగ్గరికి చేరి రంధ్రానికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగితే లాగుడు ఆగి, పెచ్చు విడిపోయి పక్కకు పోతుంది. షెడ్డులో లోడు లేకుండా ఐడిల్‌లో ఎంతసేపు నడిపినా బయటపడదు, ఐడిల్‌కి కావాల్సిన డీజిల్ ఆ సందులోంచి కూడా వస్తుంది. పైపు విప్పి "చూడండి, ధార బాగానే ఉంది కదా" అనడం నేనూ చేశాను, పది సెకన్లు చూసి. ఆ తెలివికి ఒకే బండి పంపు రెండుసార్లు విప్పాను. కనీసం ఐదు నిమిషాలు బకెట్లోకి వదలండి, ధార సన్నబడుతుందేమో నిలబడి చూడండి.

ఇంకో మాయ ఉంది. కొందరు పైపులోంచి ట్యాంకు వైపు గాలి ఊదుతారు. బుడబుడమంటుంది, బండి నడుస్తుంది, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు, వారానికి మళ్లీ అదే కథ. ఊదితే బాగయిందంటే రోగం ట్యాంకులో ఉందని అర్థం, తగ్గిందని కాదు. నమ్మకం కుదరకపోతే ఐదు లీటర్ల క్యాను ఎత్తులో కట్టి నేరుగా ఫీడ్ పంపుకి పైపిచ్చి గంటసేపు లోడులో నడపండి. ఆగలేదా, ట్యాంకు దించండి.

దించాక గుప్పెడు నట్లు, రెండు లీటర్ల డీజిల్ పోసి గిలక్కొట్టండి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా కడగండి. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే పది రోజుల్లో మళ్లీ తుప్పే. కాక్ మీద జాలీ ఉందో లేదో చూడండి, పాత బండ్లలో ఎవడో ఎప్పుడో పీకేసి ఉంటాడు.

బిగించాక పైపుల్లో చిక్కిన గాలి (ఎయిర్) తీసేటప్పుడు ఫీడ్ పంపు చేతి లివర్ వదులుగా ఆడుతుంటే పంపు పాడైందనుకోకండి, దాన్ని ఆడించే ఇంజన్ క్యామ్ ఎత్తులో ఉంది, ఇంజన్ ఒక చుట్టు తిప్పండి.

ఇంజెక్షన్ పంపు నిజంగా అరిగితే లక్షణం వేరు: చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, వేడి మీద ఆపితే మళ్లీ అందుకోదు. డీపీఏ రకం రోటరీ ఇంజెక్షన్ పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లార్చాక స్టార్టయిందంటే అప్పుడు పంపండి కాలిబ్రేషన్‌కి. పొద్దున్నే చలికి మొరాయించడమా? 1959కి ముందు ఇంగ్లండులో తయారైన ఫెర్గూసన్ 35 ట్రాక్టర్లలో నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ డీజిల్ ఇంజన్‌కి ఆ చెడ్డపేరు ఉండేది, మూడు సిలిండర్ల పర్కిన్స్ వచ్చాక తీరింది. ఇరవై నిమిషాలకు ఆగిపోవడానికి నాజిళ్లు, హెడ్ గ్యాస్కెట్ కారణం కావడం చాలా అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

ట్యాంకు కడిగాక పది గంటలు నడిపి ఫిల్టర్ ఒకసారి విప్పండి, మిగిలిన పొడి అందులోకి చేరుతుంది.