బుర్రలో తిరిగే చెడు ఆలోచనని కాగితం మీద పట్టుకోవడం ఎలా?

మేనేజర్‌కి మెసేజ్ పెట్టారు, బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు. కాసేపటికి "నా పని నచ్చలేదేమో", సాయంత్రానికి "ఉద్యోగం పోయేలా ఉంది", పడుకునే వేళకి "అసలు నేను దేనికీ పనికిరాను". జరిగింది మాత్రం బ్లూ టిక్ ఒక్కటే.

అమెరికాలో సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960ల్లో గమనించింది ఇదే. డిప్రెషన్‌తో వచ్చినవాళ్లకి తమ గురించి, లోకం గురించి, రేపటి గురించి చెడ్డ మాటలే వాటంతటవే వచ్చేస్తుంటాయి. వాటిని నమ్మి మనం ఫోన్ ఎత్తం, ఎవరినీ కలవం, కలవకపోయేసరికి వాళ్లూ పిలవడం మానేస్తారు, దాంతో "నన్నెవరూ పట్టించుకోరు" అనడానికి రుజువు కూడా దొరికిపోతుంది. డిప్రెషన్‌కి ఆలోచనలొక్కటే కారణం కాదు, వంశంలో ఉండొచ్చు, థైరాయిడ్ తేడా కావచ్చు, అప్పులు కావచ్చు. కానీ వచ్చినదాన్ని పోనివ్వకుండా పట్టుకునేది చాలాసార్లు ఈ చక్రమే. దాన్ని తెంచడానికి ఈ ఐదు మెట్లు.

1. మనసు చివుక్కుమన్నప్పుడే రాయండి. ఏం జరిగింది, మనసు ఏమంది, ఆ మాటని వందకి ఎంత నమ్ముతున్నారు. "బాధగా ఉంది" అని రాస్తే లాభం లేదు, ఆ బాధ వెనకున్న వాక్యం కావాలి.

2. అది ఏ రకమో చూడండి. "ర్యాంకు రాకపోతే బతుకే వేస్ట్" అంటే అయితే అంతా, లేకపోతే సున్నా. "నలుగురూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు" అంటే ఎదుటివాళ్ల మనసు మనమే చదివేయడం. "పెద్దకొడుకుని, అన్నీ నేనే మోయాలి" అంటే మన మీద మనమే "చేసి తీరాలి" అని రూలు పెట్టుకోవడం, ఇది మన ఇళ్లలో బాధ్యతలా కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

3. రుజువులు రాయండి, రెండు వైపులా. మేనేజర్ మిగతావాళ్లకి వెంటనే జవాబిస్తారా? పోయిన వారం మీ పని గురించి ఏమన్నారు? ఒక్కోసారి భయం నిజమే అని తేలుతుంది, నిజంగానే ఉద్యోగానికి ఎసరు వచ్చి ఉండొచ్చు, అప్పుడు ఆలోచనతో కుస్తీ ఆపి రెజ్యూమే సరిచేసుకోవడం మంచిది.

4. బదులు వాక్యం రాయండి. "అంతా మంచికే" లాంటివి వద్దు, మనసు నమ్మదు. "జవాబు ఎందుకు రాలేదో నాకు తెలీదు, రేపు అడుగుతాను" చాలు. ఇప్పుడు పాత మాటని వందకి ఎంత నమ్ముతున్నారో మళ్లీ వేయండి. తొంభై నుంచి అరవైకి దిగినా పని జరిగినట్టే.

5. మర్నాడు నిజంగానే అడగండి. ఈ మెట్టు వదిలేస్తే ఎన్ని పేజీలు రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఇది ఇంకొకరి మీద ప్రయోగించకండి. దిగులుగా ఉన్న తమ్ముడితో "నీవన్నీ పిచ్చి ఆలోచనలురా" అంటే వాడు ఇంకా ముడుచుకుపోతాడు.

రెండు వారాలు దాటినా దిగులు పోకుండా, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే నోట్‌బుక్ సరిపోదు, డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, పక్కనున్నవాళ్లకి అప్పుడే చెప్పండి, టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే సర్వీసు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.