హైబ్రిడ్ కారు మొరాయిస్తే: పెద్ద బ్యాటరీని అనుమానించే ముందు చూడాల్సినవి

మా మెకానిక్ షెడ్డులో ఫోన్ ఎత్తగానే వినపడే మాట ఒకటే: "హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటున్నారండీ, లక్షల్లో అవుద్దంట కదా!" ఎవరన్నారండీ అని అడిగితే పక్కింటాయన అన్నారనో, బంకులో కుర్రాడు అన్నాడనో చెబుతారు. మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీకి మీటర్ పెట్టి చూశారా అంటే లేదు. వెనక సీటు దగ్గర, పెద్ద బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ చూశారా అంటే "ఏ జాలీ అండీ?" అంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది స్ట్రాంగ్ హైబ్రిడ్ల గురించి మాత్రమే, అంటే ఇంజిన్‌తో పాటు కారుని ఒంటరిగా కూడా నడపగల మోటారు, దానికి కరెంటిచ్చే పెద్ద బ్యాటరీ ఉన్నవి. హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ లాంటివి. కొన్ని కార్ల వెనక ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని బ్యాడ్జీ ఉంటుంది. వాటిలో ఉండేది ఇంజిన్‌కి కాస్త సాయం పట్టే చిన్న బెల్టు మోటారు. అది ఒంటరిగా కారుని నడపలేదు, కాబట్టి కింద చెప్పేవి వాటికి పెద్దగా వర్తించవు.

బటన్ నొక్కితే లైట్లు వస్తున్నాయి, డ్యాష్‌బోర్డు మీద ‘రెడీ’ (కారు కదలడానికి సిద్ధం) రావట్లేదు

కారణం నూటికి తొంభై పాళ్లు మామూలు 12 వోల్టుల బ్యాటరీయే. ముందు చూడాల్సింది ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే.

ఈ కార్లలో సెల్ఫ్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. ఇంజిన్‌ని తిప్పి లేపేది పెద్ద బ్యాటరీ కరెంటుతో నడిచే జనరేటర్ మోటారు. దాంతో 12 వోల్టులది ఏదో పాటలకీ, లైట్లకీ ఉందిలే అనుకుంటారు. అసలు సంగతి వేరు. కారు ఆపగానే పెద్ద బ్యాటరీ పెట్టెలోని మెయిన్ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) విడిపోతాయి, హై వోల్టేజీ ఆ పెట్టె దాటి బయటికి రాదు. మళ్లీ కంప్యూటర్లను లేపాలన్నా, ఆ రిలేలు కలవాలన్నా చిన్న బ్యాటరీయే దిక్కు. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా దాని కరెంటు మీకు అందదు.

కారు రాత్రంతా ఆగాక పొద్దున్నే డోర్లు తీయకముందు మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే బాగున్నట్టు. 12.2 అంటే సగం. 11.8 దిగితే అయిపోయినట్టే. రెడీ వచ్చాక 14 దరిదాపుల్లో చూపించాలి, ఇంజిన్ తిరగకపోయినా సరే. ఎందుకంటే దాన్ని చార్జ్ చేసేది పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్, ఇంజిన్ కాదు. రెడీలో ఉండి కూడా 12.4 దగ్గరే ఆగిపోతుంటే అప్పుడు కన్వర్టర్ వైపు చూడాలి.

ఇంజిన్‌ని తిప్పే భారం చిన్న బ్యాటరీకి లేదు కాబట్టి చిన్న జంప్ స్టార్టర్ పెట్టినా లేస్తుంది. బ్యాటరీ డిక్కీలో ఉన్న చాలా మోడళ్లకి బానెట్ కింద ఫ్యూజు బాక్సులో జంప్ టెర్మినల్ ఇస్తారు. ప్లస్, మైనస్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీ హైబ్రిడ్ నుంచి పక్కవాళ్ల ట్రాక్టరుకి జంప్ ఇవ్వడం మాత్రం వద్దు. ట్రాక్టరు సెల్ఫ్ లాగే కరెంటు మీ కన్వర్టర్ మోయగలిగేది కాదు.

మా గోదావరి జిల్లాల వైపు ఈ కేసులన్నీ సంక్రాంతికి వస్తాయి. కువైట్ నుంచి అన్నయ్య దిగుతాడు, నెలల తరబడి షెడ్డులో పడి ఉన్న కారు బటన్ నొక్కుతాడు, లేవదు. ఇంట్లో వాళ్లు "వారం వారం ఆన్ చేస్తూనే ఉన్నామురా" అంటారు. ఆన్ చేసింది ఏసీసీ మోడ్‌లో (రెడీ రాకుండా పాటల్లాంటివి మాత్రమే పనిచేసే స్థితి), పాటలు విన్నారు, ఆపేశారు. ఉన్న కాస్త చార్జీ కూడా అలా పోయింది. వారానికోసారి కారుని ఆరుబయటికి తెచ్చి, పి గేరులో, రెడీలో అరగంట ఉంచాలి. ఇంజిన్ దానంతటదే ఆన్ అవుతుంది కాబట్టి మూసిన షెడ్డులో పెట్టొద్దు, పొగ ప్రాణాంతకం. న్యూట్రల్‌లో పెడితే పెద్ద బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు. స్మార్ట్ కీని కారు పక్కనే గోడకి తగిలించొద్దు, ఆ రెండూ రాత్రంతా మాట్లాడుకుంటూనే ఉంటాయి.

డిక్కీలో ఉండే బ్యాటరీ మార్చేటప్పుడు అదే రకం ఏజీఎం (యాసిడ్ ఒలకని సీల్డ్ బ్యాటరీ) వేయించుకుని, గ్యాస్ బయటికి పోయే చిన్న గొట్టం తగిలించారో లేదో చూడండి. చవగ్గా వస్తుందని బానెట్ కింద వాడే మామూలు రకం తెచ్చి క్యాబిన్‌లో పెడితే ఆ గ్యాస్ లోపలే తిరుగుతుంది.

మైలేజీ పడిపోయింది, ఇంజిన్ ఊరికే ఆన్ అవుతోంది, వెనక ఏదో హోరు

అసలు దొంగ ఇక్కడున్నాడు. నన్ను బాగా తిప్పిన సమస్య ఇదే. మధ్యాహ్నం ఓనరుకి కనపడుతుంది, మర్నాడు పొద్దున్నే చల్లటి వేళ షెడ్డుకి తెస్తే కారు బుద్ధిగా ఉంటుంది. వార్నింగ్ లైటు ఉండదు, కారు కంప్యూటర్‌లో లోపం కోడ్ ఉండదు. ఓనరు ప్లగ్గులు మార్పిస్తాడు, బంకు మారుస్తాడు, టైర్లలో గాలి పెంచుతాడు. మైలేజీ మాత్రం ఎండ ముదిరే కొద్దీ దిగుతూనే ఉంటుంది.

కారణం: పెద్ద బ్యాటరీకి గాలి ఆడట్లేదు.

మన దగ్గర తిరిగే చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచేది గాలే. ఒక చిన్న ఫ్యాన్ క్యాబిన్‌లోని గాలిని లాగి బ్యాటరీ మీదుగా పంపిస్తుంది. మీకు చల్లగా తగిలే ఏసీ గాలే బ్యాటరీకీ వెళ్తుంది. ఆ గాలి లోపలికి వెళ్లే జాలీ వెనక సీటు పక్కనో, సీటు కిందో, మోడల్‌ని బట్టి ఉంటుంది. ఓనర్ మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు. చాలా మోడళ్లలో జాలీ వెనక పల్చటి ఫిల్టరు కూడా ఉంటుంది.

బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ చేసే మొదటి పని మీకు చెప్పడం కాదు, బ్యాటరీ వాడకం తగ్గించడం. తీసుకునే కరెంటూ తగ్గిస్తుంది, బ్రేకు వేసినప్పుడు మోటారు పుట్టించి ఎక్కించే కరెంటూ తగ్గిస్తుంది. బ్రేకులో రావాల్సిన కరెంటు వేడిగా పోతుంది, మోటారు చేయాల్సిన పని ఇంజిన్ మీద పడుతుంది. ఫ్యాన్ గరిష్ఠ వేగానికి వెళ్లి హోరెత్తుతుంది. మీకు కనపడే మూడు లక్షణాలూ ఈ ఒక్క వేడి నుంచే.

గాలికి అడ్డం పడేవి మన దగ్గర రెండు.

ఒకటి, దుమ్ము. సార్వా, దాళ్వా మాసూళ్ల (వరి కోతల) రోజుల్లో ధాన్యం రోడ్ల మీదే ఆరబోస్తారు. ఆ నూగు అద్దం కాస్త దించితే చాలు, లోపలికి వచ్చి కూర్చుంటుంది. అంబాజీపేట చుట్టుపక్కల తిరిగే కార్లలో కొబ్బరి పీచు పొట్టు. దీనికి సీట్ల బట్ట నూలూ, తల వెంట్రుకలూ తోడైతే ఫిల్టరు మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు పేరుకుంటుంది. గోరుతో గీకితే ఒక్క పొరగా ఊడి వస్తుంది.

రెండోది, ఇంకా దారుణమైనది: సీటు కవర్లు. కొత్త కారు ఇంటికి రాగానే రెగ్జిన్ కవర్లు, దళసరి ఫ్లోర్ మ్యాట్లు వేయించడం మనవాళ్లకి ఆనవాయితీ. కవర్లు కుట్టే కుర్రాడికి ఆ జాలీ ఏంటో తెలియదు. చూడ్డానికి బాగోదని దాని మీద నుంచే శుభ్రంగా లాగి కుట్టేస్తాడు. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక కారులో ఆ కవరు విప్పి చూస్తే, ఫ్యాన్ లాగిన లాగుడికి లోపలి ఫోమ్ మీద జాలీ గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఓనరు అప్పటికే కొత్త బ్యాటరీకి కొటేషన్ తెచ్చుకున్నారు. కవరుకి కత్తెర పెట్టి, ఫిల్టరు దులిపి పంపించాం. అదే బ్యాటరీతో ఇప్పటికీ తిరుగుతున్నారు.

వెనక సీట్లో బస్తాలు వేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కొబ్బరికాయల గోతం జాలీకి ఆనించి రావులపాలెం నుంచి హైదరాబాద్ దాకా వెళ్తే బ్యాటరీ దారంతా ఊపిరాడకుండా ఉంటుంది.

ఎలా తేల్చుకోవాలి: పొద్దున్న చూడకండి. మధ్యాహ్నం ఎండలో అరగంట నడిపి, కారు రెడీలో ఉండగానే జాలీ దగ్గర టిష్యూ కాగితం పట్టుకోండి. హోరు వినపడుతూ కాగితం అతుక్కోకపోతే దారి మూసుకుపోయినట్టే. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం) ఉంటే ఇంకా మంచిది. బ్యాటరీ ఉష్ణోగ్రతలు రెండు మూడు చోట్లవి చూపిస్తుంది, లోపలికి వచ్చే గాలిది కూడా. క్యాబిన్ 25 డిగ్రీల్లో ఉండి బ్యాటరీ 45 దాటి దిగకుండా ఉంటే గాలి అక్కడిదాకా చేరట్లేదు.

ఎలా బాగుచేయాలి: జాలీ క్లిప్పులు నెమ్మదిగా ఊడదీసి, ఫిల్టరు బయటికి తీసి దులపండి, వ్యాక్యూమ్ పట్టండి. లోపలికి ఎయిర్ గొట్టం పెట్టి కొట్టొద్దు, దుమ్మంతా ఫ్యాన్ దాటి సెల్‌ల మధ్యకి వెళ్తుంది. నీళ్లూ వద్దు. ఫిల్టరు మళ్లీ పెట్టడం మరిచిపోవద్దు. అది లేకుండా తిరిగిన కార్లలో ఫ్యాన్ రెక్కలకే పీచు చుట్టుకుని ఉంటుంది. ఆ ఫ్యాన్ విప్పడమంటే హై వోల్టేజీ పెట్టె పక్కన పని, తెలిసినవాళ్లే చేయాలి. ప్రతి మాసూళ్లు అయ్యాక ఒకసారి ఫిల్టరు చూసుకుంటే సరిపోతుంది.

పట్టించుకోకుండా నడిపితే కోడ్లు వస్తాయి. పి0ఎ82 అంటే ఫ్యాన్ సరిగా చల్లబరచట్లేదని. పి0ఎ80 అంటే బ్యాటరీ మార్చమని. ఇది చూడగానే చాలామంది డీలా పడతారు. ముందు గాలి దారి బాగుచేసి, కోడ్ చెరిపి, నడుపుతూ స్కానర్‌లో బ్లాకుల (బ్యాటరీలోని సెల్‌ల గుంపుల) వోల్టేజీలు చూడండి. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులు. బండి లోడు మీద ఉన్నప్పుడు ఒక బ్లాకు మిగతావాటికన్నా అంత మేర కిందికి దిగుతుంటే నిజంగానే ఒక సెల్ చచ్చినట్టు. అప్పుడైనా వారంటీ కాగితం తీయండి. టయోటా పెద్ద బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

ఎండలో కాసేపు నడిపాక ‘హైబ్రిడ్ సిస్టమ్ వేడెక్కింది’ అని పవర్ తగ్గిపోతోంది

ఇది బ్యాటరీ కాదు, ఇన్వర్టర్. బ్యాటరీ డీసీని మోటార్లకి ఏసీగా మార్చే పెట్టె బానెట్ కింద ఉంటుంది. దానికి సొంత కూలెంట్ ట్యాంకు, సొంత ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. అందరూ ఇంజిన్ రేడియేటర్ ట్యాంకు చూసి "నిండుగానే ఉందండీ" అంటారు. పక్కన ఉన్న రెండో ట్యాంకు చూడండి. మట్టం తగ్గిందా? తగ్గకపోతే రెడీలో పెట్టి లోపల నీరు కదులుతోందో లేదో చూడండి. నిశ్చలంగా ఉంటే పంపు పోయినట్టు, పి0ఎ93 కోడ్ కూడా వచ్చి ఉంటుంది. ట్యాంకులో కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. నరసాపురం, అంతర్వేది వైపు బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పు లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది.

మిగతావి

బ్రేకు దగ్గర కీచుమంటే చాలావరకు తుప్పే. సగం ఆపేది మోటారు కాబట్టి డిస్కులకి పని తక్కువ, మన గాలిలో తేమ ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే పోతుంది.

ఎలుకలు కొరికేవి సన్నటి సెన్సర్ వైర్లు. వైరు అతికిస్తే అయిపోయే పని. హై వోల్టేజీ మోసే నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. పెద్ద బ్యాటరీ కరెంటుని తెంచే సర్వీస్ ప్లగ్గు లాగినా ఇన్వర్టర్ కెపాసిటర్లలో (కరెంటు నిల్వ ఉంచే భాగాల్లో) కాసేపు వోల్టేజీ ఉంటుంది. 1000 వోల్టుల గ్లవ్స్ లేని మెకానిక్ చేతికి కూడా ఇవ్వొద్దు.

లంక ఊళ్లలో వరద నీరు కార్పెట్ దాకా వచ్చి దిగిపోతే బటన్ నొక్కి చూడకండి. ఆరాక స్టార్ట్ అయినా ఇన్సులేషన్ తప్పు (హై వోల్టేజీ కారు బాడీలోకి లీకవడం), అంటే పి0ఎఎ6 కోడ్, తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. కారుని లాగించేటప్పుడు ముందు చక్రాలు నేల మీద దొర్లనివ్వొద్దు. చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. కారు మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ దొరకకపోతే ముందు చక్రాలు పైకెత్తే బండినే పిలవండి.