డబ్ల్యూఆర్‌ఎఫ్ కంపైల్ కాకపోతే ముందు ఎక్కడ చూడాలి

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ అంచనా మోడల్‌లో నడిపి చూడాలని కూర్చుంటే, వాతావరణ శాస్త్రం దాకా వెళ్లకముందే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ దగ్గర బండి ఆగిపోతుంది. ఎచ్చెర్లలో ల్యాబ్ నుంచి లాగిన్ అయినా, విజయనగరంలో ఇంటి నుంచి అయినా తిప్పలు ఇవే.

సూపర్‌కంప్యూటర్‌లోకి వెళ్లగానే టీమక్స్ (కనెక్షన్ తెగినా పనిని నడుపుతూ ఉంచే టెర్మినల్) తెరవండి. కంపైల్‌కి అరగంట దాటొచ్చు. మధ్యలో మన దగ్గర కరెంటు పోయినా, నెట్ తెగినా అక్కడ పని ఆగదు. అవుట్‌పుట్ మొత్తం లాగ్ ఫైల్‌లోకి పంపండి.

రియల్ కేసుకి (అసలు వాతావరణ డేటాతో నడిపేదానికి) నాలుగు ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లు రావాలి: డబ్ల్యూఆర్‌ఎఫ్, రియల్, ఎన్‌డౌన్, టీసీ. రాకపోతే లాగ్ చివర చూసి కంగారు పడకండి. ఒక ఫైల్ దగ్గర దెబ్బతిన్నా కంపైల్‌ని నడిపే ‘మేక్’ ఆగకుండా తర్వాతి ఫైళ్లకి పోతుంది, కాబట్టి చివర్లో కనిపించే ఎర్రర్లలో చాలావరకు మొదటిదాని పిల్లలే. ఫైల్‌లో పదాలు వెతికే గ్రెప్‌తో లైన్ నంబర్లతో సహా వెతికి, మొట్టమొదటి ఎర్రర్‌నీ, దాని పైన పది లైన్లనీ చదవండి.

అక్కడ నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటా ఫైళ్లు చదివి రాసే లైబ్రరీ) ‘మాడ్’ ఫైల్ గురించి, ‘ఇది జీఎన్‌యూ ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైల్ కాదు’ అనే అర్థంలో సందేశం ఉంటే, లైబ్రరీని ఒక కంపైలర్‌తో కట్టి మోడల్‌ని ఇంకోదానితో కడుతున్నారన్నమాట. ఫోర్ట్రాన్ మాడ్ ఫైళ్లు ఒక కంపైలర్‌వి ఇంకోదానికి పనికిరావు. ‘ఎన్‌ఎఫ్-కాన్ఫిగ్’ని అడిగితే లైబ్రరీ దేనితో కట్టారో చెబుతుంది. తర్వాత ఎంపీఐ రేపర్‌కి (చాలా ప్రాసెసర్ల మీద నడిచే ప్రోగ్రామ్ కట్టడానికి అసలు కంపైలర్‌ని పిలిచే కమాండ్) ‘-షో’ ఇచ్చి లోపల ఏ కంపైలర్ నడుస్తోందో చూడండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే: ఇంటెల్ ఎంపీఐలో ‘ఎంపీఐఎఫ్90’ మామూలుగా పిలిచేది జీఎన్‌యూ కంపైలర్ జీఫోర్ట్రాన్‌ని. ఇంటెల్ కంపైలర్ కావాలంటే పాత ఐఫోర్ట్‌కి ‘ఎంపీఐఐఫోర్ట్’, కొత్త ఐఎఫ్‌ఎక్స్‌కి ‘ఎంపీఐఐఎఫ్‌ఎక్స్’ వాడాలి. 2025 వెర్షన్ నుంచి పాత ఐఫోర్ట్ లేదు, ఐఎఫ్‌ఎక్స్ ఒక్కటే.

‘ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్’ (సబ్‌రూటీన్‌ని పిలిచేటప్పుడు ఇచ్చిన విలువల రకం సరిపోలేదు) అని వస్తే జీఫోర్ట్రాన్ వెర్షన్ చూడండి. 10 నుంచి అది వార్నింగ్ కాదు, ఎర్రర్. పాత కోడ్‌కి ‘-ఎఫ్అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’ ఫ్లాగ్ చాలు. మీరు రాసిన సబ్‌రూటీన్‌లో వస్తే మాత్రం ఫ్లాగ్‌తో కప్పిపెట్టకండి, పిలుపు సరిదిద్దండి.

కంపైలర్ మార్చిన ప్రతిసారీ ‘క్లీన్ -ఎ’ చేసి కాన్ఫిగర్ మళ్లీ నడపాలి. అది మీరు చేతితో దిద్దిన కాన్ఫిగర్ ఫైల్‌ని కూడా తీసేస్తుంది, ముందే కాపీ దాచుకోండి.

కంపైల్ అయి, జాబ్ మొదలవగానే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని వస్తే, మనం కంపైల్ చేసిన లాగిన్ నోడ్ ప్రాసెసర్, జాబ్ నడిచే కంప్యూట్ నోడ్ ప్రాసెసర్ వేరు. కంపైల్ చేసే ప్రాసెసర్‌కే సరిపడేలా కోడ్ కట్టే ‘-మార్చ్=నేటివ్’, ‘-ఎక్స్‌హోస్ట్’ ఫ్లాగ్‌లు తీసేయండి, లేదా కంప్యూట్ నోడ్ మీదే కంపైల్ చేయండి.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుగా తాకి ప్రోగ్రామ్ ఆగిపోవడం) వస్తే జాబ్ స్క్రిప్ట్‌లో ఎంపీఐరన్‌కి పైన ‘యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్’ పెట్టండి. థ్రెడ్లతో నడిపే ఓపెన్‌ఎంపీ కూడా ఉంటే థ్రెడ్ల స్టాక్ సైజు వేరుగా పెంచాలి. అయినా ఆగకపోతే మోడల్ రాసే ఆర్‌ఎస్‌ఎల్ ఎర్రర్ ఫైళ్లన్నిటిలో ‘సీఎఫ్‌ఎల్’ (టైమ్ స్టెప్ హద్దు దాటితే వచ్చే హెచ్చరిక) కోసం గ్రెప్ చేయండి. దొరికితే కంపైలర్ జోలికి పోవద్దు. టైమ్ స్టెప్ ఎక్కువైంది: 9 కిలోమీటర్ల గ్రిడ్‌కి 54 సెకన్లు పెట్టి ఉంటే 45కో, 36కో దించి మళ్లీ నడపండి.