తిరిగి వచ్చిన బిడ్డను క్షమించడం, ఇంట్లో ఉన్న బిడ్డకు న్యాయం చేయడం

అప్పులు చేసి, అబద్ధాలు ఆడి, నెలల తరబడి ముఖం చాటేసిన కొడుకు మళ్లీ గుమ్మం ఎక్కినప్పుడు క్రైస్తవ తల్లిదండ్రులకు లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలోని తండ్రి, తన వాటా ఆస్తి తీసుకుపోయి పాడుచేసి తిరిగి వచ్చిన చిన్న కొడుకును చేర్చుకున్నవాడు, గుర్తుకు వస్తాడు. అయితే ఆ తండ్రి ఆ రోజు రెండుసార్లు బయటికి వెళ్లాడు. చిన్నవాడికి ఎదురుగా పరుగెత్తాడు, అలిగి లోపలికి రాని పెద్దవాడిని బతిమాలడానికి కూడా వెళ్లాడు. మన ఇళ్లలో ఆ రెండవ నడక చాలాసార్లు జరగదు.

ముందుగా, క్షమించామన్న మాటను వచ్చిన రోజునే, బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని చెప్పండి. బంధువులందరి ముందు తప్పు ఒప్పించి, ఏడిపించి, చివరికి ప్రార్థన చేయడం పంచాయితీ అవుతుందే గానీ కృప కాదు. నోరు పెగలకపోతే, తన పెద్ద అప్పు మాఫీ అయినా తోటివాడి చిన్న అప్పును క్షమించని దాసుడి కథ ఉన్న మత్తయి 18వ అధ్యాయం తీసి, ఆ కాలపు డబ్బులో లెక్క వేసుకోండి: తలాంతుకు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి, కాబట్టి రాజు ఆ దాసుడికి కొట్టివేసిన 10,000 తలాంతులు 6 కోట్ల రోజుల కూలి, అతను తోటివాడి పీక పట్టుకున్నది 100 రోజుల కూలి కోసం.

ఇక అసలు చిక్కు, ఆ కృప ఖర్చు ఎవరు భరిస్తారన్నది. ఉపమానంలో తండ్రి ఆస్తిని కొడుకులిద్దరికీ ముందే పంచాడు కనుక, చిన్నవాడు వచ్చాడని విందుకు కోసిన కొవ్విన దూడ కూడా పెద్దవాడికి రావలసిన దానిలోనిదే. అతని బాధకు ఆధారం లేదని నేను అనలేను. కానీ తండ్రి ‘నావన్నీ నీవే’ అని అతనికి మాట ఇచ్చాడు, చిన్నవాడికి విందు, ఉంగరం, చెప్పులు దక్కాయే గానీ రెండవసారి వాటా ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అందుచేత చిన్నవాడి అప్పు తీర్చాలనుకుంటే మీ సుఖాన్ని తగ్గించుకుని తీర్చండి, పెద్దపిల్ల చదువు డబ్బునో పెళ్లి డబ్బునో ముట్టకండి. మా తమ్ముడు అమ్మ గొలుసు తాకట్టు పెట్టి వెళ్లిపోయి ఎనిమిది నెలలకు వచ్చినప్పుడు, నాన్నగారు తన మోటారు సైకిలు అమ్మి దాన్ని విడిపించారు, నా బీఈడీ ఫీజుకని దాచినది కదపలేదు. పంట్లాము అంచు మడిచి, పాత సైకిలు తొక్కుకుంటూ ఆయన పనికి వెళ్లడం రోజూ చూసిన తరువాతే తమ్ముడితో మాట్లాడడం నా వల్ల అయింది.

పెద్దబిడ్డకు వాక్యం అప్పజెప్పి నోరు మూయించకండి. కోపమంతా చెప్పనివ్వండి, నిజమైన చోట ఒప్పుకోండి. ఉపమానంలో పెద్దవాడు తమ్ముణ్ణి ‘నీ కుమారుడు’ అంటే తండ్రి ‘నీ తమ్ముడు’ అని సరిచేశాడు, కానీ గద్దించలేదు. మీ పెద్దబిడ్డ ‘తమ్ముడు’ అనే మాట అనడానికి ఏడాది పట్టినా తొందరపెట్టకండి.

క్షమాపణ ఒక్క రోజులో ఇవ్వవచ్చు, నమ్మకం అలా రాదు, కనుక బీరువా తాళాలు ఇంకా మీ దగ్గరే ఉంచుకోవడం కఠినత్వం కాదు. కొట్టే భర్త విషయంలో అయితే క్షమించడమంటే అతని దగ్గరికి తిరిగి వెళ్లడమని ఎవరూ చెప్పకూడదు. 2005 నాటి గృహహింస చట్టం, 181 సహాయ నంబరు ఉన్నది అందుకే.

లూకా సువార్తలో యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదాన్ని ఎవరూ అడగకుండానే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మీ అబ్బాయి కూడా తనంతట తానే నెలకు కొంత తీరుస్తానంటే వద్దనకండి, చిన్న పుస్తకంలో వాడి చేతనే రాయించండి. చివరి వాయిదా ముట్టిన సాయంత్రం ఆ పేజీని వాడి ఎదుటే చింపి, కుటుంబ ప్రార్థనకు పెద్దబిడ్డ పక్కన కూర్చోబెట్టండి.